యాంటీబాడీకి తాఖీదు ఇచ్చేదెవరు?

(మన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం. సభ్యులు కోరగా, ఆరోగ్య ప్రత్యేక సంచిక కోసం కాస్త సవరించి రాసి ఇస్తున్నాను.)



ఆరోగ్యం మీద మాట్లాడమని కార్యదర్శి గారు అడిగితే రెండుసార్లు తప్పించుకున్నాను. డాక్టర్లు మాట్లాడవలసిన చోట ట్రెజరీ గుమాస్తాకు పనేమిటి? ముప్ఫై ఏళ్ళకు పైగా బిల్లులు చూశాను, వోచర్లు కుట్టాను, పద్దులు కలవక రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చున్నాను. అంతే నాకు తెలిసిన విద్య. మూడోసారి ఆయన, "సైన్సు సంగతి తరవాత. మీ ఇంట్లో జరిగింది చెప్పండి చాలు" అన్నారు. అది మాత్రం చెప్పవలసిందే అనిపించింది. ఎందుకంటే అందులో తప్పు నాది.

మా ఆవిడకు 2014 నుంచి రుమటాయిడ్ కీళ్ళవాతం. పొద్దున్న లేచాక గంట, గంటన్నర దాకా వేళ్ళు ముడుచుకునేవి కావు. కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేది. డాక్టరు గారు మెథోట్రెక్సేట్ అనే మాత్ర వారానికి ఒక్కసారి వేసుకోమని, దానితో ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా రాశారు. (వారానికి ఒక్కసారే సుమండీ. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఈ మాత్ర ఉంటే క్యాలెండరులో ఆ వారానికి సున్నా చుట్టి పెట్టుకోండి.) ఆ మాత్రతో ఐదారేళ్ళు బాగానే నెట్టుకొచ్చాము.

2020లో కరోనా వచ్చింది. అందరం తలుపులు వేసుకుని ఫోన్లు చూస్తూ కూర్చున్నాం. ఎవరో ఒక సందేశం పంపారు, ఫలానా మాత్ర రోగనిరోధక శక్తిని తగ్గిస్తుందని. ఆ మాట పూర్తిగా అబద్ధమేమీ కాదు. అదే నా కొంప ముంచింది. డాక్టరు గారికి ఫోనైనా చేయకుండా మాత్ర ఆపించేశాను. ఇమ్యూనిటీ పెంచుతుందని రాసి ఉన్న పొడి డబ్బాలు రెండు తెప్పించి, పూటకో చెంచా పాలలో కలిపి నా చేత్తోనే ఇచ్చాను. "ఏమండీ, డాక్టరు గారిని ఒక్క మాట అడక్కూడదూ" అంది మా ఆవిడ. "శక్తి తగ్గించే మాత్ర రాసినాయన్ని శక్తి పెంచడం గురించి ఏం అడుగుతాం" అన్నాను. అదొక తెలివైన మాట అనుకున్నాను అప్పట్లో.

ఏడో వారానికి మణికట్లు వాచాయి. తొమ్మిదో వారానికి ఆమె చీర కుచ్చిళ్ళు పెట్టుకోలేకపోయింది. మా కోడలు వచ్చి కట్టింది. ఆ రోజు ఆమె నన్ను ఏమీ అనలేదు. ఏమైనా అంటే బాగుండేది.

డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి జరిగింది దాచకుండా చెప్పాను. ఆయన కోప్పడలేదు. రిపోర్టు చూసి, "ఏ శక్తి పెంచుదామనుకున్నారు సార్?" అని అడిగారు. నేను బిక్కమొహం వేశాను. "రోగనిరోధక శక్తి అనేది ఒక్కటి కాదు. ఆమె జబ్బు కూడా ఆ శక్తే. దానికి అవసరం లేని ఆర్డర్లు వెళుతున్నాయి" అన్నారు. ఆర్డర్లు అనే మాట నా చెవిన పడింది. ఎవరు ఎవరికి ఇస్తున్నారు? ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ మూడేళ్ళు చదివాను. మన సభ్యుల్లో జువాలజీ లెక్చరరుగా పని చేసి రిటైరైన వారొకరున్నారు. ఆయన ఓపికగా చెప్పకపోతే నాకు సగం కూడా అర్థమయ్యేది కాదు. నేను అర్థం చేసుకున్నది మన ఆఫీసు భాషలో చెబుతాను.

మీలో చాలామంది డెంగీ రిపోర్టు చూసే ఉంటారు. అందులో ఐజీఎం అని ఒక వరుస, ఐజీజీ అని ఇంకొక వరుస ఉంటాయి. ఆ రెండూ యాంటీబాడీల్లో రకాలు. పాఠ్య పుస్తకాల్లో ప్రతిరక్షకాలు అంటారు. జబ్బు మొదటిసారి వచ్చినప్పుడు ముందు ఐజీఎం కనబడుతుంది, కొద్ది రోజుల తరవాత ఐజీజీ పెరుగుతుంది. క్రిమి అదే, మనిషీ అదే. మరి మొదట ఒక రకం, తరవాత ఇంకొక రకం ఎందుకు? మార్చమని ఎవరు చెప్పారు? ఇవాళ్టి నా ప్రసంగమంతా దీని గురించే.

యాంటీబాడీలు తయారు చేసేవి రక్తంలో తిరిగే బి కణాలు. ఇవి ఎముకల్లోని మూలుగలో పుడతాయి. ఒక్కొక్క బి కణానికి ఒకే ఒక ఆకారాన్ని గుర్తుపట్టే శక్తి ఉంటుంది, అది పుట్టుకతోనే వస్తుంది. మనకు తారసపడని క్రిములను గుర్తుపట్టే కణాలు కూడా ముందే తయారై కూర్చుని ఉంటాయి. అందులో చాలావాటికి జీవితకాలంలో పని తగలదు. పాపం, పోస్టు మంజూరై ఫైలు రాని సెక్షన్ల లాగా.

కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుందని మన అమ్మమ్మలకు కూడా తెలుసు. ఆ బిళ్ళ లసికా గ్రంథి. ఇలాంటివి మెడలో, చంకల్లో, పొట్టలో వందలాదిగా ఉన్నాయి. ఆ ప్రాంతపు తపాలు అంతా అక్కడికే వస్తుంది. బి కణం కూడా అక్కడే కూర్చుని ఉంటుంది. తన ఆకారానికి సరిపోయిన క్రిమి ముక్క వచ్చి అతుక్కుంటే దానికి బిల్లు వచ్చినట్లు. కాని బిల్లు వచ్చినంత మాత్రాన డబ్బు ఇచ్చేస్తామా? ట్రెజరీలో గుమాస్తా ఒక్కడి ఇనీషియల్ మీద పైసా కదలదు. పై సంతకం కావాలి.

ఆ పై సంతకం సహాయక టి కణానిది. అది కూడా అదే క్రిమి తాలూకు ముక్కను విడిగా చూసి, నిజమేనని తేల్చుకుని, బి కణాన్ని వచ్చి తాకాలి. తాకడం అంటే నిజంగా తాకడమే. టి కణం మీద సిడి40 లైగాండ్ అనే అణువు ఉంటుంది, బి కణం మీద దానికి సరిపోయే సిడి40 ఉంటుంది. ఈ రెండూ కలవాలి. కొందరు మగపిల్లలు ఆ లైగాండ్ సరిగా లేకుండా పుడతారు. వాళ్ళ రక్తంలో ఐజీఎం ఉంటుంది, ఒక్కోసారి ఎక్కువగానే ఉంటుంది. ఐజీజీ, ఐజీఏ మాత్రం బొత్తిగా తక్కువ. పసితనం నుంచే న్యుమోనియాలతో బాధపడతారు. దీని కారణం 1993లో తేలింది. గుమాస్తాలు నిండా ఉన్నా సూపరింటెండెంటు సంతకం లేక ఆగిపోయిన ఆఫీసు అది. అయితే కొన్ని క్రిముల పైపొరలు చక్కెర పదార్థాలతో అల్లి ఉంటాయి, వాటి మీద పని ఈ సంతకం లేకుండానే కొంత జరుగుతుంది. అత్యవసర బిల్లులు ప్రతి ఆఫీసులోనూ ఉంటాయి గదా.

సంతకం అయ్యాక ఇంకొక సంగతి మిగిలింది. ఏ పద్దు కింద ఖర్చు రాయాలి? ఇక్కడే సైటోకైన్లు వస్తాయి. ఇవి కణాలు విడిచే చిన్న ప్రోటీన్లు. ఒక కణం విడిస్తే పక్క కణం అందుకుంటుంది. చాలావరకు ఇరుగుపొరుగుల మధ్యనే తిరుగుతాయి, అతి కొద్ది మోతాదులో పని చేస్తాయి. నేను వీటిని తాఖీదులు అంటాను. లెక్చరరు గారు సంకేత అణువులు అంటారు.

టి కణం ఇంటర్‌ల్యూకిన్-4 అనే తాఖీదు ఇస్తే బి కణం ఐజీఈ వైపు తిరుగుతుంది. ఐజీఈ ఉన్నది ముఖ్యంగా పొట్టలో పురుగుల వంటి వాటి కోసం. అదే తాఖీదు దుమ్ము మీదా, పుప్పొడి మీదా వచ్చిందనుకోండి, తుమ్ములు, దద్దుర్లు, ఉబ్బసం. టీజీఎఫ్-బీటా అనే తాఖీదు వస్తే ఐజీఏ తయారవుతుంది. ఇది పేగుల లోపలి పొర మీద, కన్నీటిలో, బాలింత ముర్రుపాలలో ఉంటుంది. ఇంటర్‌ఫెరాన్-గామా అనేది ఐజీజీలో కొన్ని రకాల వైపు నడిపిస్తుంది. పైగా అది ఇంటర్‌ల్యూకిన్-4 ఇచ్చిన తాఖీదుకు అడ్డు రాస్తుంది. ఎలుకల బి కణాల మీద ఈ ఎదురుబొదురు వ్యవహారాన్ని అమెరికాలో స్నాపర్, విలియం పాల్ అనేవారు 1987లో చూపించారు. ఒక సెక్షన్ మెమో ఇస్తే ఇంకొక సెక్షన్ అబ్జెక్షన్ పెట్టడం మనుషుల ఆఫీసుల్లోనే అనుకున్నాను నేను.

ఇక్కడ ఒక చిన్న విషయం ఆగి చెప్పాలి. యాంటీబాడీ ఇంగ్లీషు వై అక్షరంలా ఉంటుంది. పైన రెండు చేతులు క్రిమిని పట్టుకుంటాయి, కింద తోక ఉంటుంది. ఐజీఎం నుంచి ఐజీజీకి మారినప్పుడు చేతులు పట్టుకునే క్రిమి మారదు, తోక మారుతుంది. ఆ తోకను బట్టి యాంటీబాడీ ఎక్కడికి వెళ్ళాలో, ఏం చేయాలో ఉంటుంది. ఐజీజీ తల్లి నుంచి గర్భంలోని బిడ్డకు చేరుతుంది, ఐజీఎం చేరదు. విలాసం అదే, కవరు మారిందన్నమాట. ఈ మార్పు కోసం కణం తన డీఎన్ఏలో కొంత భాగాన్ని కత్తిరించి పారేస్తుంది. కాబట్టి ఐజీజీకి మారిన కణం మళ్ళీ ఐజీఎంకు రాలేదు. ఆ కత్తిరింపు మొదలు పెట్టే ఎంజైమును క్యోటోలో తసుకు హోంజో బృందం 1999లో కనిపెట్టింది. తాఖీదు తప్పుగా వెళితే దిద్దుకోవడం ఎందుకంత కష్టమో నాకు అప్పుడు బోధపడింది. మన ఆఫీసులో కొట్టివేసి పక్కన సంతకం పెడితే సరిపోయేది.

మారిన కణాల్లో కొన్ని ప్లాస్మా కణాలవుతాయి. ఇవి సెకనుకు వేలకొద్దీ యాంటీబాడీలు వదులుతాయి. కొన్ని మూలుగలోకి పోయి ఏళ్ళ తరబడి అక్కడే ఉండి పని చేస్తాయి. అలా మారడానికి, మారాక బతకడానికి కూడా తాఖీదులు కావాలి. వాటిలో ఇంటర్‌ల్యూకిన్-21 ఒకటి, ఇంటర్‌ల్యూకిన్-6 ఒకటి. మా ఇంటి కథ ఈ ఆరో నంబరు దగ్గర ఉంది. దాన్ని కనిపెట్టిన తీరు చెప్పకుండా ముందుకు పోలేను.

బి కణాలకు ఆ పేరే కోడి నుంచి వచ్చింది. కోడికి తోక దగ్గర బర్సా అనే చిన్న సంచి ఉంటుంది. 1950ల నడుమ అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ గ్లిక్ అనే విద్యార్థి కోడిపిల్లలకు దాన్ని తీసేసి చూస్తున్నాడు. టిమొతీ చాంగ్ అనే ఆయన తరగతిలో యాంటీబాడీలు ఎలా వస్తాయో చూపించడానికి కోళ్ళు కావలసి వచ్చి, గ్లిక్ దగ్గరున్నవి అడిగి తీసుకున్నాడు. చాలా కోళ్ళలో యాంటీబాడీలు రానే లేదు. పాఠం చెడిపోయింది, కాని పెద్ద సంగతి బయటపడింది. 1956లో వాళ్ళది కోళ్ళ పెంపకం పత్రికలో అచ్చయింది. మనుషులకు బర్సా లేదు, ఆ పని మూలుగ చేస్తుంది. 1968లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో మిల్లర్, మిచెల్ అనేవారు టి, బి కణాలు రెండూ కలిస్తేనే పని జరుగుతుందని ఎలుకల్లో చూపించారు.

టి కణం సాయం చేస్తుందని తెలిసింది, ఎలా చేస్తుందో తెలియలేదు. జపాన్‌లో ఒసాకా నుంచి తదమిత్సు కిషిమోతో అనే యువ వైద్యుడు 1970లలో అమెరికా వెళ్ళి, బాల్టిమోర్‌లో కిమిషిగె ఇషిజాకా దగ్గర చేరాడు. ఇషిజాకా దంపతులు 1966లో ఐజీఈని కనిపెట్టినవారు. కిషిమోతో కుందేళ్ళ కణాలతో చేసిన ప్రయోగం నాకు చాలా నచ్చింది. టి కణాలు పెరిగిన ద్రవాన్ని మాత్రమే తీసుకుని బి కణాల మీద పోశాడు, టి కణాలను కాదు. అయినా యాంటీబాడీలు ఎక్కువగా వచ్చాయి. అంటే ఆ ద్రవంలోనే తాఖీదు ఉంది. ఐజీజీకి పనికొచ్చేది వేరు, ఐజీఈకి పనికొచ్చేది వేరు అని కూడా కనబడింది. ఇది 1973లో అచ్చయింది. దూరంగా కూర్చున్న అధికారి రాకుండానే ఆయన కాగితం వస్తే పని జరిగినట్లు.

ఆ తాఖీదును పట్టుకోవడానికి ఇంకా పదమూడేళ్ళు పట్టింది. 1986లో ఒసాకాలో కిషిమోతో, తోషియో హిరానో బృందం బి కణాలను యాంటీబాడీ తయారీకి పురికొల్పే ఒక అణువు తాలూకు జన్యువును వేరు చేసింది. దానికి బి కణ ఉత్తేజకం-2 అని పేరు పెట్టుకున్నారు. తీరా చూస్తే అప్పటికే వేరే ఊళ్ళలో వేరే పరిశోధకులు అదే అణువును వేరే పేర్లతో రాసుకుని ఉన్నారు. కాలేయం పని చూసేవారు ఒక పేరు, వైరస్‌ల పని చూసేవారు ఇంకొక పేరు, కణితుల పని చూసేవారు మరొక పేరు. ఒకే ఉద్యోగికి నాలుగు సర్వీసు రిజిస్టర్లు. చివరికి అన్నీ కలిపి ఇంటర్‌ల్యూకిన్-6 అన్నారు. అన్ని పేర్లు ఎందుకు వచ్చాయంటే అది నిజంగా అన్ని చోట్లా పని చేస్తుంది గనుక. మన రిపోర్టుల్లో సీఆర్పీ అని ఉంటుంది చూడండి, అది కాలేయం తయారు చేసేది. తయారు చేయమని కాలేయానికి చెప్పే ముఖ్యమైన తాఖీదు ఈ ఆరో నంబరే.

ఒసాకా వారే 1987లో ఇంకొక సంగతి చెప్పారు. గుండె లోపల మిక్సోమా అనే మెత్తటి గడ్డ కొందరికి వస్తుంది. అది క్యాన్సరు కాదు. కాని ఆ రోగుల్లో కొందరికి జ్వరం, కీళ్ళనొప్పులు, సొంత శరీరం మీదే యాంటీబాడీలు కనిపించేవి. ఆపరేషన్ చేసి గడ్డ తీసేస్తే అవన్నీ పోయేవి. గుండెలో గడ్డకూ యాంటీబాడీలకూ సంబంధమేమిటి? ఆ గడ్డ కణాలు ఎవరూ అడగకుండానే ఇంటర్‌ల్యూకిన్-6 వదులుతున్నాయి. సీలు దొంగిలించి తాఖీదులు కొట్టినట్లు. బి కణాలు వాటిని నమ్మి పని చేస్తున్నాయి. తప్పు గుమాస్తాలది కాదు. మరుసటి ఏడాదే రుమటాయిడ్ రోగుల కీళ్ళలోని నీటిలో కూడా ఇదే అణువు మెండుగా ఉందని చూశారు.

మా ఆవిడ కథకు వస్తున్నాను. రుమటాయిడ్ ఫ్యాక్టర్ పరీక్ష మీకు తెలుసు. అది ఏమిటంటే, మన యాంటీబాడీ తోక మీదే తయారైన ఇంకొక యాంటీబాడీ. ఆడిట్ వాళ్ళ మీద ఆడిట్ వాళ్ళే అబ్జెక్షన్ రాసినట్లు. ఆమె కీళ్ళలో టి కణాలు, బి కణాలు, కీలు పొరలోని కణాలు ఒకదానికొకటి తాఖీదులు ఇచ్చుకుంటున్నాయి. అందులో ఆరో నంబరుతో పాటు టీఎన్ఎఫ్ అనే మరొకటి కూడా ముఖ్యం. మెథోట్రెక్సేట్ ఈ హడావుడిని అదుపులో ఉంచింది. నేను దాన్ని తీసేశాను. నేను పోసిన పొడి ఏమైనా చేసిందా అంటే, మంచి చేసినట్లు మాత్రం నాకు కనబడలేదు. ఐజీఈ కూడా ఇమ్యూనిటీయే, రుమటాయిడ్ ఫ్యాక్టరూ ఇమ్యూనిటీ చేసిన పనే. డబ్బా మీద ఏది పెంచుతుందో రాయలేదు.

మాత్ర మళ్ళీ మొదలు పెట్టినా ఈసారి పాత ఫలితం రాలేదు. స్టెరాయిడ్లతో కొన్నాళ్ళు గడిచింది. 2022లో డాక్టరు గారు టోసిలిజుమాబ్ అనే ఇంజెక్షన్ రాశారు. నాలుగు వారాలకు ఒకసారి సెలైన్‌లో ఎక్కిస్తారు. ఇది ఆ ఒసాకా పరిశోధన లోంచి వచ్చిన మందే. జపాన్‌లో 2005లో క్యాజిల్‌మన్ జబ్బుకు, 2008లో రుమటాయిడ్‌కు అనుమతి వచ్చింది. తమాషా ఏమంటే ఈ మందు కూడా ఒక యాంటీబాడీయే. కణాల మీద ఇంటర్‌ల్యూకిన్-6ను అందుకునే కిటికీ ఉంటుంది, దానికి అడ్డుగా కూర్చుంటుంది. తాఖీదు వస్తుంది, తీసుకునేవారుండరు. ఎక్కించే ముందు క్షయ ఉందేమో పరీక్ష చేశారు, ఛాతీ ఎక్స్‌రే, కామెర్ల వైరస్‌ల పరీక్షలు చేశారు, న్యుమోనియా టీకా వేశారు. రీయింబర్స్‌మెంటు బిల్లు ఎన్నిసార్లు తిరిగి వచ్చిందో చెప్పాలంటే ఇంకొక సమావేశం కావాలి. బిల్లులు తిప్పి పంపిన చేతులే గదా ఇవి, అనుభవించాను.

మూడో ఇంజెక్షన్ తరవాత మణికట్ల వాపు తీసింది. సీఆర్పీ మామూలు స్థాయికి వచ్చింది. నేను పొంగిపోయాను. డాక్టరు గారు మాత్రం, "సీఆర్పీ తగ్గడం చూసి మోసపోకండి, ఈ మందు వాడుతున్నంత కాలం అది అలాగే ఉండవచ్చు" అన్నారు. ఆ మాట విలువ 2023 చలికాలంలో తెలిసింది. మా ఆవిడకు దగ్గు, నీరసం. జ్వరం పెద్దగా లేదు. ఆదివారం కావడంతో దగ్గరలో ఉన్న ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాను. రక్తం చూసి, "సీఆర్పీ బాగానే ఉందండీ, జలుబే, ఇంటికి తీసుకెళ్ళండి" అన్నాడు అక్కడి కుర్ర డాక్టరు. పాత రోజుల్లో అయితే నమస్కారం పెట్టి వచ్చేసేవాణ్ణి. నేను మందు పేరు చెప్పి, "ఇది వాడుతున్న మనిషికి సీఆర్పీ పెరగకపోవచ్చట నాయనా, ఎక్స్‌రే తీయించు" అన్నాను. ఆ అబ్బాయి మంచివాడు, చిన్నబుచ్చుకోలేదు. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తిలో న్యుమోనియా కనబడింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది. ఇంజెక్షన్ ఆపి, తగ్గాక డాక్టరు గారు మళ్ళీ మొదలు పెట్టారు. ఇలాంటి మందులు వాడే వారి జేబులో మందు పేరు రాసిన చీటీ ఒకటి ఉండాలి. మా ఆవిడ చేతి సంచిలో తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి ఉన్నాయి.

ఈ మందు పేరు మీలో కొందరు 2021 వేసవిలో విని ఉంటారు. ఆ రెండు నెలల్లో మన సంఘం ఎవరెవరిని పోగొట్టుకుందో ఇక్కడ పేర్లు చదవనక్కర లేదు. ఒక మిత్రుడి కొడుకు ఈ ఇంజెక్షన్ కోసం రెండు రాత్రులు ఊళ్ళు తిరిగాడు, దొరకలేదు. ఆ పిల్లవాడు ఇప్పటికీ తనవల్లే నాన్న పోయాడనుకుంటున్నాడు. అతనికి నేను చెప్పింది ఇక్కడ కూడా చెబుతాను. కరోనా ముదిరినప్పుడు ఆరో నంబరు తాఖీదులు రక్తంలో విపరీతంగా పెరిగేవి, అందుకే ఆ మందు వాడారు. బ్రిటన్‌లో 4,116 మంది రోగుల మీద పరీక్షించారు. 28 రోజుల్లో, మందు ఇచ్చిన వారిలో నూటికి 31 మంది, ఇవ్వని వారిలో నూటికి 35 మంది చనిపోయారు. ఆ నలుగురి ప్రాణం చిన్నదని అనను. కాని ఇంజెక్షన్ దొరికి ఉంటే తప్పకుండా బతికేవాడని ఎవరూ అనలేరు బాబూ అని చెప్పాను. ఆ లెక్క కాగితం మీద రాసి ఇచ్చాను. అతను మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మన వయసు సంగతి ఒకటి చెప్పాలి. టి కణాలు తయారయ్యే థైమస్ గ్రంథి చిన్నతనం దాటినప్పటి నుంచే కుంచించుకుపోతూ వస్తుంది. డెబ్బై వచ్చేసరికి కొత్త టి కణాలు, కొత్త బి కణాలు తక్కువ. పై సంతకం ఆలస్యమవుతుంది. చిత్రమేమంటే, మరో పక్క ఇంటర్‌ల్యూకిన్-6 వంటి తాఖీదులు ఏ క్రిమీ లేకుండానే వయసుతో రక్తంలో కొద్దికొద్దిగా పెరుగుతాయి. కావలసిన చోట కాగితం రాదు, అక్కర లేని చోట రొద. అందుకే అదే టీకా మనవడికి ఇచ్చినంత యాంటీబాడీ మనకు ఇవ్వదు.

అలాగని టీకాలు దండగ అని ఎవరూ ఇంటికి పోకండి. అక్కి, కొందరు సర్పి అంటారు, దాని నొప్పి ఎలాంటిదో మొదటి వరుసలో కూర్చున్న మన కోశాధికారి గారిని అడగండి. దానికి వచ్చిన కొత్త టీకాలో క్రిమి ముక్కతో పాటు ఒక సహాయక పదార్థం కలుపుతారు. అది సూది వేసిన చోట కణాల చేత గట్టిగా తాఖీదులు పంపిస్తుంది. టి కణాలు లేచి కూర్చుంటాయి. డెబ్బై దాటిన వారిలో కూడా పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి వచ్చే అక్కిని ఆపిందని పరీక్షల్లో తేలింది. మన దేశంలో 2023 నుంచి దొరుకుతోంది, రెండు మోతాదులు. ఖరీదు ఎక్కువే, ఆ మాట దాచను. సజీవ క్రిములతో చేసిన టీకాలు వేరే ఉన్నాయి, మా ఆవిడ వంటి వారికి అవి కూడదు. ఏది ఏ రకమో సూది వేసే ముందు అడగాలి. ఫ్లూ టీకా మేమిద్దరం ఏటా వేయించుకుంటున్నాం.

ప్రసంగం తరవాత ఒక సోదరి, "అయితే ఇమ్యూనిటీ పెంచుకోవడానికి ఏమీ తినక్కర లేదా?" అని అడిగారు. తినండమ్మా, అన్నం, పప్పు, ఆకుకూర, పండు, కలిగినవారు గుడ్డు. యాంటీబాడీ కూడా ప్రోటీనే, తిండి సరిపోని మనిషికి అది తగ్గుతుంది. డబ్బా మీద రాసినదాన్ని నమ్మి, వేసుకునే మాత్ర మాత్రం ఆపకండి అని చెప్పాను. ఇంకొకరు ఆ పొడి ఏ కంపెనీదని అడిగారు. అది చెప్పలేదు, చెప్పను. కొన్నది నేను.

ఆ డబ్బాలు రెండూ ఖాళీ చేసి కడిగింది మా ఆవిడ. ఒకదానిలో మెంతులు, ఒకదానిలో ధనియాలు పోసుకుంది. వాటి మూతలు బాగా బిగుతు. పొద్దున్న వంటింట్లో మూత తీసిన చప్పుడు వినిపిస్తే నేను పేపరు చదువుకుంటాను. వినిపించకపోతే లేచి వెళతాను. గత నెలలో రెండుసార్లు వెళ్ళాను.